మూడు కార్ల ముందు కూలబడ్డ మామ

మా నాగలింగం మామకు ధర చెప్పకూడదు. చెబితే కూలబడతాడు.

నేనేదో ఊరికే అంటున్న మాట కాదిది. తిరుత్తణి బజారులో ఎవరినైనా అడగండి. సబ్బు ధర చెప్పినా, సైకిలు ధర చెప్పినా ముందు మామ చెయ్యి గుండె మీదికి పోతుంది. తర్వాత "మురుగా!" అని ఒక కేక వస్తుంది. ఆ తర్వాత మనిషి ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే నేల మీదికి దిగిపోతాడు. కూరగాయల కొట్టువాళ్ళు ఆయన కోసమని ఒక స్టూలు విడిగా ఉంచారు. మందుల షాపులో ముందు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఆ తర్వాతే బిల్లు ఇస్తారు. ఒకసారి టిఫిను హోటల్లో కొత్త సర్వరు సంగతి తెలియక నెయ్యి దోసె ధర గట్టిగా చెప్పేశాడు. మామ రెండు టేబుళ్ళ మధ్య కూలబడ్డాడు. ఆ సర్వరు అదే రోజు పని మానేసి ఊరికి పోయాడని చెప్పుకుంటారు.

మామ షాకుల్లో మూడు రకాలున్నాయని మా అమ్మ తిరుమలమ్మ చెబుతుంది. మొదటి రకంలో చెయ్యి గుండె మీదికి పోతుంది, అంతే. రెండో రకంలో కూర్చుంటాడు. మూడో రకంలో భుజం మీది తువ్వాలు పరిచి పూర్తిగా పడుకుంటాడట. ఆ మూడోదాన్ని అమ్మ కూడా చూడలేదు, మా అమ్మమ్మ చెప్పగా విన్నదే. మామ మగ్గం నేసే మనిషి. మనిషి సన్నం, కేక లావు.

అలాంటి మనిషిని నా మొదటి కారు కొనడానికి తోడు పంపింది మా అమ్మ.

మేముండేది తిరువళ్ళూరు. నా పేరు కవిప్రియ. తామరైపాక్కం దగ్గర పాలు చల్లబరిచే సెంటరులో పాలు పరీక్ష చేసే పని నాది. పోయిన నెల నన్ను ల్యాబుకు ఇన్‌ఛార్జిని చేశారు. చేసి, ఒక మెలిక పెట్టారు. ఒకటో తేదీ నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకల్లా నేనక్కడ ఉండాలి, పాల ట్యాంకర్లు వచ్చే వేళకు. లేకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. ఆ వేళకు బస్సు లేదు. స్కూటీ మీద పోయి చూశాను. దారిలో కుక్కలకు నా మీద ఏం పగో తెలియదు, రెండుసార్లు కాలువలో పడేశాయి. ఇక పాత కారు ఒకటి కొనడమే దారి. చేతిలో ఉన్నది మొత్తం లక్షన్నర. ఉన్నది పన్నెండు రోజులు.

"బండి కొనేదానికి అనుభవం ఉండే మొగోడు ఒకడు ఉండాల. మామను రమ్మంటా" అంది అమ్మ.

"అమ్మా! ధర వింటే పడిపోయే మనిషిని పెట్టుకుని బేరమా?"

"పడితే లేపు. నీకు చేతుల్లేవా?"

మామ లోకల్ రైల్లో దిగాడు. మొదటి రకం షాకు అప్పటికే తిరుత్తణి టికెట్టు కౌంటరు దగ్గర అయిపోయిందట.

కాఫీ తాగుతూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "పాపా, ఎంతలో కొనాల అని అడగద్దు. ఎంతలో పెట్టుకోవాల అని అడుగు. ఆవును కొనేది ఒకనాడు, గడ్డి ఏసేది దినామూ. సీసీ వెయ్యి దాటిందో, ఇన్సూరెన్సోడు ఏడాది ఏడాదీ ఎక్కువ పిండుతాడు. చిన్న ఇంజిన్ బండే మనకు."

"ఇవన్నీ నీకెట్లా తెలుసు మామా?"

"మా వీధిలో లోకనాథం ఇన్సూరెన్స్ ఏజెంటు గదా. ఇద్దరం ఒకే బడి, ఒకే బెత్తం."

"నాకు థర్డ్ పార్టీ చాల్లే మామా. తక్కువలో అయిపోతుంది."

"అంటే?"

"మనం ఎవరినైనా గుద్దితే వాళ్ళకిస్తారు."

"మరి నీకు?"

"నాకేం కాదు. బండి సొట్టపోతే మనమే చేయించుకోవాలి, అంతే."

మామ చెయ్యి గుండె మీదికి పోయింది. ధర ఏమీ చెప్పకుండానే ఆయనకు షాకు రావడం నేను చూడటం అదే మొదటిసారి. కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, "పద" అన్నాడు.

తిరువళ్ళూరులో ఎలుమలై అని పాత కార్లు అమ్మే ఆయన ఉన్నాడు. ఆయన షెడ్డులో తెల్లటి పొడుగాటి కారు ఒకటి మెరిసిపోతూ నిలబడి ఉంది. చూడగానే నా మనసు పోయి దాని ముందు సీట్లో కూర్చుంది. నేను నోరు తెరిచేలోపు మామ అడ్డం వచ్చాడు.

"ఏమప్పా, ఇంజిన్ ఎన్ని సీసీ?"

"పద్నాలుగు వందల చిల్లర సార్."

"ఇన్సూరెన్స్ ఏ నెల దాకా ఉండాది?"

"అది... కట్టుకోవాల సార్. అది పెద్ద విషయం కాదు. బండిని చూడండి, పెండ్లికొడుకు మాదిరి ఉండాది! తొంభై వేలే! సుమ్మా, ఊరికే ఇచ్చినట్టే!"

తొంభై వేలు! అంత పొడుగు కారు! నేను సంతోషం పట్టలేక మామ వైపు తిరిగాను. మామ అక్కడ లేడు. కింద ఉన్నాడు.

"మురుగా! తొంభయ్యా!"

బంపరు పక్కన గుండె పట్టుకుని కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు సగం మూసి ఏదో గొణుగుతున్నాడు. ఎలుమలైకి ముచ్చెమటలు పోశాయి. "సార్! ఎనభై ఐదుకు ఇస్తా సార్!" మామ తల ఇంకో పక్కకు వాలింది. "ఎనభై! సార్, లేవండి సార్!" మామ కారు వెనకవైపుకు జరిగి అక్కడ మళ్ళీ కూలబడ్డాడు. "డెబ్బై ఐదు! ఇంక నా వల్ల కాదు! జనం చూస్తా ఉండారు సార్!"

డెబ్బై ఐదు! మామ పడటంలో ఇంత మహిమ ఉందని నాకప్పుడే తెలిసింది. కానీ మామ లేచి పంచె దులుపుకున్నాడు. ఎలుమలై చెవిలో ఏదో చెప్పాడు. "మనకు తాహతు ల్యా పాపా, పద" అని నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కొచ్చాడు. పదిహేను వేలు తగ్గించుకుని కొనకుండా వచ్చే మనిషి లోకంలో ఉంటాడా?

రెండో కారు పట్టాభిరామ్‌లో. ఆనందరాజ్ అని ఒక కంపెనీ ఉద్యోగిది. ఎర్రటి చిన్న కారు. ఎనిమిది వందల సీసీ. ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలుంది. ఇంకేం కావాలి! మామ కళ్ళద్దాలు పెట్టుకుని ఇన్సూరెన్స్ కాగితాన్ని పెళ్ళి శుభలేఖ చదివినట్టు పైనుంచి కింది దాకా చదివాడు.

"ఈడ నో క్లెయిమ్ బోనస్ అనే కాడ సున్నా ఉండాదే?"

"ఆఫీసోళ్ళు అట్లా ఏసేసినారు సార్" అన్నాడు ఆనందరాజ్, ఎటో చూస్తూ.

"సరి. ఎంత?"

"లక్షా ముప్పై."

"మురుగా!"

ఈసారి ముందు చక్రం పక్కన. ఆనందరాజ్ భార్య సోఫియా లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. నిమ్మరసం తెచ్చింది. మామ తల మీద చెయ్యి పెట్టి, "ఏసయ్యా, ఈ పెద్దాయన్ను కాపాడు" అని ప్రార్థన చేసింది. మామ కళ్ళు మూసుకునే నిమ్మరసం తాగాడు. రెండో గ్లాసు కూడా తాగాడు. "నీ ప్రార్థనకే లేచినా తల్లీ" అని లేచి, ఆనందరాజ్‌ను పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పి, మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నాడు.

రైల్వే స్టేషనులో నాకు ఒళ్ళు మండిపోయింది. "మామా, నువ్వు నాకు కారు కొనిపెట్టడానికి వచ్చావా, ఊళ్ళల్లో నేలలన్నీ పంచెతో తుడవడానికి వచ్చావా? ఇంక నాలుగు రోజులే ఉంది! ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

"టీ తాగుతావా పాపా?" అన్నాడు మామ. టీ ఎంతో అడిగాడు. మొదటి రకం.

మూడో కారు సంగతి మా సెంటరుకు పాలు పోసే దొరస్వామి చెప్పాడు. పాండూరులో అలమేలు అని బట్టలు కుట్టే ఆమె ఉంది. ఆమె భర్త స్కూలు బస్సు నడిపేవాడు. ఆయన పోయి ఏడాదిన్నర. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న చిన్న నీలం కారు రేకుల పందిరి కింద పాత దుప్పట్లు కప్పుకుని ఉంది. ఆమెకు నడపడం రాదు, చూస్తూ ఊరుకోవడమూ కష్టంగా ఉంది, అమ్మేస్తుందట.

దుప్పటి తీసింది. రంగు కొంచెం వెలిసింది, టైర్లలో గాలి లేదు. "ఎనిమిది వందల సీసీ అన్నా" అంది ఆమె. మామ అడగకముందే సీసీ చెప్పిన మొదటి మనిషి. "ఇన్సూరెన్స్ మాత్రం పోయి ఏడాది దాటింది. కట్టేదానికి నాకు తెల్దు."

ఆ మాటకే మామ కూర్చున్నాడు. రెండో రకం. ఎప్పటిలాగే తల ఒక పక్కకు వాల్చాడు. ఇంకో పక్కకు వాల్చాడు. ముందుకు పాకాడు, వెనక్కి పాకాడు. కానీ ఈసారి ఆయన ముఖంలో నొప్పి లేదు. బజ్జీ కొరికినవాడి ముఖంలా ఉంది.

"ఎంతకిస్తావు తల్లీ?" అని కింద నుంచే అడిగాడు.

"ఇన్సూరెన్స్ పోయిన బండి పాత ఇనుము లెక్కేనని ఒకాయన చెప్పినాడన్నా. అరవై వేలిస్తారా?"

అప్పుడు చూశాను నేను, మా అమ్మ కూడా చూడనిది. మామ భుజం మీది తువ్వాలు తీశాడు. నేల మీద పరిచాడు. వెల్లకిలా పడుకున్నాడు.

"మురుగా! అరవయ్యా!"

అలమేలక్క హడలిపోయింది. "అయ్యో, యాభై ఐదు ఇయ్యండన్నా!"

"మురుగా! మురుగా!"

"యాభై! యాభైకే తీసకపొండి! నా వాకిట్లో పానం పోగొట్టుకోవద్దండి!"

మామ కాళ్ళు చేతులు కొట్టుకోసాగాడు.

"నలభై ఐదు!"

ఇక నా సంగతి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. మామను లేపలేదు. ఇంకొక్క కేక వేస్తే నలభై అవుతుందని చూస్తూ నిలబడ్డాను. మిగిలే డబ్బుతో ఏసీ బాగు చేయించి, సీట్లకు కొత్త కవర్లు కూడా వేసేశాను, మనసులో.

"తగ్గించద్దు తల్లీ!" మామ నేల మీద నుంచే అరిచాడు. "నువ్వు తగ్గించే కొద్దీ నా పానం పోతా ఉండాది! పెంచు! పెంచు తల్లీ!"

నేనూ అలమేలక్కా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"పెంచాలా?" అంది ఆమె.

"లక్షా పది చెప్పు. చెప్తేనే లేస్తా."

"లక్షా... పది?"

"ఆ. ఇప్పుడు సరిపోయింది" అని మామ లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇన్సూరెన్స్ పోతే బండి ఇనుమైపోతాదా? మళ్ళీ ఫోటోలు తీసి, చూసి, కొత్తది ఇస్తారు. నీ బోనస్ పోయింటాది, అంతే. అది ఎట్లైనా కొనేవాళ్ళకు రాదు. నీకు ఆ మాట చెప్పినోడు నలభైకి కొనుక్కోని లక్షకు అమ్ముకుందామని చెప్పినాడు."

ఈసారి కూలబడింది అలమేలక్క.

పాండూరు బస్టాపులో నేను మామ మీద విరుచుకుపడ్డాను. "అమ్మేవాళ్ళ తరఫున బేరం ఆడేవాణ్ణి నిన్నే చూశాను! నువ్వు నాకు మామవా, ఆమెకు అన్నవా?"

"అన్నా అని పిల్చింది గదా" అన్నాడు మామ. తర్వాత బస్టాపు అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు, షాకు లేకుండా, మామూలుగా. "పాపా, చీర కొనేవాళ్ళు ముందరివైపు చూస్తారు. నేసేవోడు తిప్పి వెనకవైపు చూస్తాడు. పోగు యాడ తెగింది, యాడ ముడేసినారు, అంతా వెనకనే తెలుస్తాది. కారును తిప్పలేము గదా. అందుకే మనమే కిందికి పోవాల."

నాకు వెంటనే ఎక్కలేదు.

"అంటే... ఆ తెల్ల కారు?"

"కింద మూలల్లో ఎండిన బురద. వరద నీళ్ళల్లో మునిగి లేచిన బండి."

"ఎర్ర కారు?"

"ముందర చక్రం కాడ అంతా అతుకులే. గట్టిగా గుద్దుకోనుండాది. క్లెయిమ్ చేసుకున్నందుకే ఆ సున్నా."

"ఆ మాట అక్కడే అనొచ్చు కదా మామా!"

"వాకిట్లో అందరి ముందర అంటే వాళ్ళకు అవమానం గదా. వంగి చూసినా అవమానమే. గుండె పట్టుకోని కూచుంటే ఎవురికీ నొప్పి ల్యా, నిమ్మరసం గూడా ఇస్తారు. చెవులో చెప్పినాలే ఇద్దరికీ. ఆనందరాజ్‌కైతే గట్టిగా చెప్పినా, బిడ్డల్ని ఎక్కించుకోకముందే ఆ అతుకులు చూపించుకోప్పా అని."

"మరి అలమేలక్క దగ్గర కూడా నాటకమేనా?"

"ఆడ నిజంగానే పడినా" అన్నాడు మామ. "నా జన్మలో అంత సుద్దమైన వెనకవైపు చూళ్ళేదు. ఆ మొగుడు ఎంత బాగా పెట్టుకున్నాడో ఆ బండిని! దానికి అరవై అంటే పడనా?"

నాకు సిగ్గేసింది. అయినా నోరు ఊరుకోదు కదా. "సరే, ధర న్యాయమే. కానీ లక్షా పది పోయాక రెండు టైర్లు, బ్యాటరీ, ఏడాదిన్నర పడున్న బండికి మెకానిక్కు, పేరు మార్చడం... ఇంక థర్డ్ పార్టీకే మిగులుతుంది. ఫుల్ ఇన్సూరెన్స్ కట్టే తాహతు లేకుండా చేసింది నువ్వే."

బస్సొచ్చింది. టికెట్టు ధర నేనే మామ చెవిలో నెమ్మదిగా చెప్పాను.

ఇన్సూరెన్స్ లేకుండా బండి పాండూరు వీధి దాటకూడదని మామ పట్టుబట్టాడు. లోకనాథం పాండూరుకే వచ్చి, బండికి నాలుగు పక్కలా ఫోటోలు తీసుకుని, కాగితాల మీద నాతోనూ అలమేలక్కతోనూ సంతకాలు చేయించుకుని పోయాడు. థర్డ్ పార్టీకి అయ్యే డబ్బు నేను ఫోనులో పంపాను. ముప్పయ్యో తేదీ సాయంత్రం "పాలసీ అయిపోయింది, బండి తీసుకోమ్మా, కాగితం తర్వాత ఇస్తా" అన్నాడు. ఒకటో తేదీ నాలుగుంపావుకు నేను సెంటరు గేటు దగ్గర ఉన్నాను. దారిలో కుక్కలు వచ్చాయి. అద్దం పైకెత్తుకుని వాటికి చెయ్యి ఊపాను.

ఆదివారం బండి పూజకు తిరుత్తణి పోయాం. కొండ కింద దండ వేసి, కర్పూరం వెలిగించాం. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కావాల్సి వస్తే, పక్కన బుట్టలో అమ్మే ఆమెను మామే అడిగాడు, నేను ఆపేలోపు.

"ఒకటి పది రూపాయలు" అంది ఆమె.

"మురుగా!" మామ నా కారు పక్కన కూలబడ్డాడు. కూలబడి, అలవాటు కొద్దీ కింద ఒకసారి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లోకనాథం పాలసీ కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. చదివాను. మళ్ళీ చదివాను. బండికి దెబ్బ తగిలినా వస్తుంది. దొంగలు పట్టుకుపోయినా వస్తుంది. నడిపే నాకు ఏమైనా అయితే, దానికీ విడిగా కట్టి ఉంది.

"అన్నా, ఇది వేరే వాళ్ళదేమో. నేను పంపింది థర్డ్ పార్టీకే."

"నాకేం తెల్దమ్మా. మీ మామ చెప్పద్దన్నాడు" అన్నాడు లోకనాథం. అని, మరుక్షణమే మొత్తం చెప్పేశాడు. "మిగతాది ఆయనే కట్టినాడు. మొత్తం ఎంతయితాదో చెప్పకముందే నేను కుర్చీ ఏసి, మంచినీళ్ళు పెట్టి, ఫ్యాను గూడా తిప్పినా. చెప్పినా. కూచోలేదమ్మా! చెయ్యి గుండె మీదికే పోలేదు! నిలబడే ఇచ్చినాడు. చూసి నేనే కూచున్నా."

నేను మామ వైపు తిరిగాను.

"ఎంతయింది మామా?" అని అడిగాను.

"చెప్పను పో. చెప్తే నువ్వూ ఈడ కూచుంటావు. కొత్త చుడీదారు, మాసిపోతాది."

చెప్పకుండానే కూర్చున్నాను, కొత్త చుడీదారుతోనే, ఆ రోడ్డు మీద, మామ పక్కన. అక్కడ్నుంచి కారు అడుగున ఆ వెనకవైపు నాకూ కనబడింది. మామ చెప్పినంత శుభ్రంగానే ఉంది.

నిమ్మకాయల ఆమె మా ఇద్దరినీ చూసి బెంబేలెత్తిపోయింది.

"ఐయో! ఐదు రూపాయలకే ఇస్తా! లేవండి సామీ, ఇద్దరూ లేవండి!"